తామారు పేరు ఎందుకున్నది?

డిశంబరు 17న దివ్యపూజలో క్రీస్తు వంశావళి (మత్తయి 1:1-17) చదువుతారు. అందులో సారా లేదు, రాహేలు లేదు. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య ఉన్నారు. పాపాత్మురాండ్రు గనుక చేర్చారని పునీత జెరోము భావించారు. మరి రూతు చేసిన పాపమేమి? బత్షెబ పేరుకు బదులు ఊరియా పేరు వ్రాయడంతో, అతణ్ణి చంపించిన దావీదే దొరికిపోతున్నాడు!

తామారు సంగతి మనకు మరీ దగ్గరిది. కొడుకు పోతే కోడలి పాదం మంచిది కాదనే మాట వికారాబాదు, తాండూరు పల్లెల్లో మన విశ్వాసుల ఇళ్లలోనూ వింటాం. ఇద్దరు కొడుకులు పోయాక ఆమె మామ యూదాకూ అదే భయం. మూడవవాడూ చస్తాడేమోనని ఆమెను పుట్టింటికి పంపివేశాడు. (ఆ ఇద్దరూ తమ చెడుతనం వల్లనే చచ్చారని గ్రంథం చెబుతుంది.) చివరకు ఆమే తనకంటే నీతిమంతురాలని ఒప్పుకొన్నాడు (ఆది 38:26). ఆమె కన్న పెరెసు వంశంలోనే దావీదు, యోసేపు పుట్టారు.