కాలువకు గట్టు, ఫోనుకు హద్దు

ధ్యాన భాగములు: 1 కొరింథీయులకు 6:12, మత్తయి 25:1–13



కృష్ణా డెల్టాలో నివసించు మనకు నీటిని గూర్చి వేరొకరు బోధింపనక్కరలేదు. బెజవాడయొద్ద 1855లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట మన పొలములకు కాలువనీరు విరివిగా వచ్చెను. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి పూర్తియాయెను. అయితే కాలువ త్రవ్వినవారు అంతటితో ఊరకుండలేదు. గట్లు వేసిరి, లాకులు కట్టిరి, తూములు పెట్టిరి. గట్టు లోపలి నీరు చేనును పండించును; గట్టు తెగిన నీరు అదే చేనును ముంచును. నీరు ఒక్కటే; భేదము హద్దులో నున్నది.

నేడు మన యిండ్లలోనికి వచ్చిన స్మార్ట్‌ఫోను కూడ అట్టిదే. పదిహేను, ఇరువది వేల రూపాయల మధ్యరకపు ఫోనులో వేదగ్రంథమంతయు ఇమిడియున్నది. చూపు మందగించిన పెద్దలు అక్షరములను పెద్దవి చేసికొని చదువుచున్నారు, చదువురానివారు వినుచున్నారు. దూరదేశమున పనిచేయు బిడ్డల ముఖమును తల్లి చూడగలుగుచున్నది. 2025 జనవరి నుండి మన రాష్ట్ర ప్రభుత్వము ‘మన మిత్ర’ అను పేర వాట్సాప్ ద్వారా కొన్ని సేవల నందించుచున్నది. కాబట్టి దీనిని పాపపు వస్తువనుట న్యాయము కాదు. హద్దు లేకపోవుటయే కీడు.

ఈ విషయములో మా తప్పు నొకటి ఒప్పుకొనుచున్నాము. 2024 ఆగస్టు 31, శనివారము. ఎడతెగని వర్షము. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనను రెండు మాటలతో ముగించి, అర్ధరాత్రి దాటువరకు ఫోనులో వీడియోలు చూచుచుంటిమి. అంతలో కరెంటు పోయెను. తెల్లవారుసరికి ఫోనులో చార్జింగు లేదు. ఆ ఆదివారమే బుడమేరు నీరు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమును ముంచెను. మా చెల్లెలి యిల్లు అక్కడనే యున్నది. మరునాడు ప్రకాశం బ్యారేజి వద్ద వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరెను. పొరుగువారి యింట ఫోను చార్జింగు పెట్టి చేయగా, అప్పటికి ఆమె ఫోను ఆగిపోయి యుండెను. రెండు దినములు ఆమె బ్రదికియున్నదో లేదో మాకు తెలియదు.

పడవమీద క్షేమముగా బయటపడిన తరువాత ఆమె చెప్పిన మాట యిది: “అన్నయ్యా, నువ్వొచ్చి తీసుకెళ్తావని చెయ్యలేదు. పిల్లలు భయపడుతున్నారు, ఒక్కసారి ప్రార్థన చేస్తావని చేశాను.”

బుద్ధిలేని అయిదుగురు కన్యకల చేతిలో దివిటీలు లేకపోలేదు. అవసరమైన గడియలో నూనె లేకపోయెను. మా చేతిలోను ఫోను ఉండెను. కాని దానికంటె ముందుగా మా ప్రార్థన ఆరిపోయి యుండెను. అదియే మమ్మును నేటికిని నొప్పించుచున్నది.

కాబట్టి మూడు గట్లు వేసికొందము.

మొదటిది, వేళ. కుటుంబ ప్రార్థన సమయమున ఇంటిలోని ఫోనులన్నియు ఒకచోట నుంచుడి. ఫోనులో వాక్యము చదువువారు నెట్టు ఆపి చదువుడి. తుపాను దినములలో చార్జింగును వినోదమునకు వ్యయపరచక దాచుకొనుడి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది మరణించిరి. ఆనాడు హెచ్చరిక వినిపించుటకు ప్రతివాని చేతిలో ఇట్టి సాధనము లేదు, నేడున్నది. కావలివాని నియమించుకొని వానిని నిద్రపుచ్చుట వివేకము కాదు (యెహెజ్కేలు 33:1–6).

రెండవది, మెలకువ. మనకు డబ్బు వచ్చుటకు పిన్ నంబరు కొట్టనక్కరలేదు. ఓటీపీ ఎవరికిని చెప్పరాదు. వీడియోకాల్‌లో పోలీసు వేషముతో కనబడి ‘డిజిటల్ అరెస్టు’ చేసితిమనువారు మోసగాండ్రే. అట్టి అరెస్టు మన చట్టములో లేదు. మోసపోయినవారు సిగ్గుపడి దాచక వెంటనే 1930కి ఫోను చేయవలెను. ప్రతి మాటను నమ్మువాడు జ్ఞానము లేనివాడని సామెతలు 14:15 బోధించుచున్నది.

మూడవది, తృప్తి. మధ్యరకపు ఫోను మన పనులకు చాలును. బ్యాటరీ బలహీనమైనచో బ్యాటరీ మార్చవచ్చును. నిండిపోయినచో శుభోదయపు బొమ్మలను తుడిచివేయవచ్చును. పొరుగువాని ఫోను చూచి, పిల్లల ఫీజు ఆపి, వాయిదాల అప్పులో దిగుట తగునా? అన్నవస్త్రములు గలవారమై తృప్తిపొందవలెనని పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 6:6–8).

చేయుటకు స్వాతంత్ర్యమున్నను, దేనికిని తాను లోబడనని అదే అపొస్తలుడు కొరింథీయులకు తెలిపెను. ఫోను మన చేతిలో నున్నదా, మనము దాని చేతిలో నున్నామా? ఈ రాత్రి ప్రార్థనకు ముందు ప్రతి యింటివారును ఈ ప్రశ్న వేసికొందురు గాక. కష్టములో నున్న యొకరు ప్రార్థన కోరి పిలిచినప్పుడు, మన ఫోనును మన హృదయమును రెండును వెలుగుచుండునట్లు ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.