వీల్ బ్యాలెన్సింగ్ ఎందుకు? ఎప్పుడు చేయించాలి?

కారు స్పీడు 80 దాటగానే స్టీరింగ్ సన్నగా వణుకుతోందా? రోడ్డు బాలేదని చాలామంది వదిలేస్తారు. రోడ్డు నున్నగా ఉన్నా వణుకుతుంటే మాత్రం నేను ముందు వీల్ బ్యాలెన్సింగ్‌నే అనుమానిస్తాను.

చాలా బడ్జెట్ ఫోన్లలో ఉండే వైబ్రేషన్ మోటార్ గుర్తు తెచ్చుకోండి. దాని ఇరుసుకి ఒక పక్కన మాత్రమే చిన్న బరువు ఉంటుంది. అది గిర్రున తిరిగితే ఫోన్ మొత్తం వణుకుతుంది. ఫోన్‌లో అది కావాలని పెట్టింది. కారు చక్రంలో అదే మనకి తలనొప్పి. టైరు, రిమ్ము ఎంత బాగా తయారైనా చుట్టూ బరువు అచ్చంగా సమానంగా ఉండదు.

లెక్క చూద్దాం

15 అంగుళాల రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉందనుకోండి. గంటకు 100 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు దాదాపు 15 సార్లు తిరుగుతుంది. అప్పుడు ఆ 20 గ్రాములే 3 కిలోల బరువుకి మించిన బలంతో చక్రాన్ని గుంజుతాయి. 50లో అయితే అందులో నాలుగో వంతే. అందుకే సిటీలో తెలియని వణుకు హైవే ఎక్కగానే బయటపడుతుంది. వదిలేస్తే టైరు అక్కడక్కడా అరుగుతుంది, బేరింగ్, సస్పెన్షన్ మీద భారం పడుతుంది. అరిగిన టైరుకి తడి రోడ్డు మీద పట్టు ఉండదు. అది ప్రాణాల మీదకి వచ్చే విషయం.

ఎక్కడ వణుకుతోంది?

- స్టీరింగ్ వణికితే: ఎక్కువగా ముందు చక్రాలు
- సీటు, ఫ్లోర్ వణికితే: ఎక్కువగా వెనక చక్రాలు
- బ్రేక్ వేసినప్పుడే వణికితే: బ్రేక్ డిస్క్ చూపించండి
- కారు ఒక పక్కకి లాగుతుంటే: అలైన్‌మెంట్ చూపించండి, అది వేరే పని

ఎప్పుడు చేయించాలి?

- కొత్త టైర్లు వేసినప్పుడు
- పంక్చర్ కోసం టైరుని రిమ్ము నుంచి ఊడదీసినప్పుడు
- పెద్ద గుంతలో గట్టిగా పడ్డాక
- రిమ్ముకి అతికించిన బరువు ఊడిపోయినప్పుడు
- ఇవేవీ లేకున్నా, సుమారు 10,000 కి.మీ.కి ఒకసారి టైర్ రొటేషన్‌తో పాటు

షాపులో నేను చూసేవి

ముందు రిమ్ములోని బురద, పాత బరువులు తీయించాలి. మెషీన్ చక్రాన్ని తిప్పి ఎక్కడ ఎన్ని గ్రాములు పెట్టాలో చూపిస్తుంది. బరువులు పెట్టాక మళ్లీ తిప్పించి, స్క్రీన్ మీద రెండు వైపులా సున్నా వచ్చాకే చక్రం దించమంటాను. సున్నా వచ్చినా వణుకు పోకపోతే రిమ్ము వంగిందేమో, టైరు ఉబ్బిందేమో చూడమనండి.