ప్రాణవాయువు – గాలిలో దాని రాకపోకలు

ఆహారము లేక మనుష్యుడు కొన్ని దినములు జీవింపగలడు. గాలి లేక కొద్ది నిమిషములైనను జీవింపజాలడు. గాలియందు నూటికి సుమారు 21 పాళ్ళు ప్రాణవాయువు గలదు. మనము విడుచు ఊపిరిలో అది సుమారు 16 పాళ్ళకు తగ్గును. తగ్గిన భాగమును రక్తము శరీరమంతటికిని చేర్చును. అచ్చట అది ఆహారముతో కలసి శక్తిని పుట్టించును. బొగ్గుపులుసు వాయువు వెలువడును.

సకల జీవులును ఇట్లు వాడుచుండగా ప్రాణవాయువు ఏల తరిగిపోదు? 1771లో ఇంగ్లండునందు జోసెఫ్ ప్రీస్ట్లీ, కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో పుదీనా రెమ్మ నుంచెను. పది దినముల పిమ్మట అదే గాలిలో కొవ్వొత్తి మరల వెలిగెను. ఇందులకు వెలుతురు ఆవశ్యకమనియు, మొక్కల పచ్చని భాగములే ఈ పని చేయుననియు 1779లో ఇంగెన్‌హౌజ్ ప్రకటించెను. సూర్యరశ్మిలో ఆకులు నీటితోను, బొగ్గుపులుసు వాయువుతోను ఆహారము చేసికొని ప్రాణవాయువును విడుచును. సముద్రములలోని సూక్ష్మమైన మొక్కలును ఇట్లే చేయును.

అయితే తలుపులు బిగించిన గదిలోనికి ఈ మంచిగాలి చేరదు. చలికాలమున అట్టి గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాంతకము. బొగ్గులు పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగును వాసనయు లేవు. అది రక్తములో ప్రాణవాయువు స్థానము నాక్రమించి, నిద్రలోనే ప్రాణము తీయును.

కావున పరుండుటకు ముందే కుంపటిని వెలుపల నుంచుడు. గదిలోనికి గాలి రానిండు. తలనొప్పి, తలతిరుగుడు తోచినచో వెంటనే ఆరుబయటికి వచ్చి వైద్యుని సహాయము పొందుడు.