మార్కుల జాబితాలో కనపడని పిల్లలు
(చిన్నారుల ప్రతిభ – కళాసృజన)

మన సంఘం ఏటా స్కాలర్‌షిప్‌లు ఇచ్చేటప్పుడు దరఖాస్తుతో పాటు మార్కుల జాబితా కూడా అడుగుతుంది. అడగడం న్యాయమే. దాతలు చెమటోడ్చి సంపాదించి ఇచ్చిన పైసా ఎవరికి చేరిందో చెప్పడానికి ఏదో ఒక కొలత ఉండాలి. బ్యాంకు పరీక్షల కోచింగుకు పేరుపడిన నంద్యాలలో ఉంటూ మార్కులను చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. అయితే ఈ కొలతకు దొరకని పిల్లలు కొందరున్నారు. ఒకటో తరగతిలో, రెండో తరగతిలో ఉంటారు. నోటు పుస్తకం వెనక పేజీలన్నీ బొమ్మలతో, తీగలతో, అల్లికలతో నింపేసి ముందు పేజీల్లో లెక్కలు సగంలో వదిలేస్తారు. బడిలో ఒక దెబ్బ, ఇంట్లో ఒక దెబ్బ తింటారు. వారి గురించే ఈ నాలుగు మాటలు.

తెలివి వేరు, సృజన వేరు అన్న సంగతిని శాస్త్రవేత్తలు కూడా ఆలస్యంగానే గుర్తించారు. అమెరికాలో లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1921లో కాలిఫోర్నియా పిల్లల్లో ప్రజ్ఞా లబ్ధి (ఐ.క్యూ.) ఎక్కువ ఉన్న వెయ్యిమందికి పైగా ఎంపిక చేసి, వారి జీవితాలను దశాబ్దాల పాటు గమనించాడు. వారిలో చాలామంది బాగా చదివారు, మంచి ఉద్యోగాలు చేశారు. కానీ ఆ పరీక్షలో గీత దాటలేదని పక్కన పెట్టిన పిల్లల్లో ఇద్దరు, విలియం షాక్లీ, లూయిస్ అల్వరెజ్, పెద్దయ్యాక భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. తర్వాత పాల్ టోరెన్స్ సృజనను విడిగా కొలిచే పరీక్షలు తయారుచేశాడు. ప్రజ్ఞా లబ్ధి ఒక్కటే చూసి ప్రతిభావంతులను ఏరితే, అత్యంత సృజన ఉన్న పిల్లల్లో సుమారు 70 శాతం మంది ఆ జాబితాలోకి రారని ఆయన లెక్క కట్టాడు. అంటే పదిమందిలో ఏడుగురు!

ఇంత దూరం ఎందుకు, మన తెలుగు నేల మీదే చూద్దాం. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టారు. ఆ పిల్లవాడి గొంతులో ఏముందో ఖాదర్ అనే కళాకారుడు పసిగట్టి, సంగీతం నేర్పించడానికి నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య గారి దగ్గర చేర్పించారు. ఆ తర్వాత కూడా పేదరికం వదల్లేదు, బతుకుతెరువు కోసం దర్జీ పని సైతం చేశారు. అదే నాజర్ తర్వాతి కాలంలో బెంగాల్ కరువునూ పల్నాటి యుద్ధాన్నీ ఊరూరా బుర్రకథగా వినిపించారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ కథలో నాకు ముఖ్యంగా కనబడేది పద్మశ్రీ కాదు, ఖాదర్. పొన్నెకల్లులో ఆ గొంతును వేలమంది విని ఉంటారు. విని, ఊరుకోకుండా ఒక గురువు దాకా తీసుకుపోయినవాడు ఒక్కడు.

నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా గారి సంగతి కొంచెం వేరు. 1924లో ప్రకాశం జిల్లా కరవదిలో, తరతరాలుగా నాదస్వరం వాయించే ఇంట్లోనే పుట్టారు. పిల్లవాడిలో విద్య ఉందా లేదా అని బయటివాళ్లు వచ్చి చెప్పనక్కరలేదు, ఇల్లే చూసుకుంటుంది. మన ఆళ్లగడ్డ శిల్పుల ఇళ్లు కూడా అలాంటివే. రోడ్డు పక్క షెడ్లలో ఉలి చప్పుడు వింటూ పెరిగే పిల్లవాడు అడగకుండానే సుద్దముక్క పట్టుకుంటాడు. ముఖానికి ఎంత, మొండేనికి ఎంత అన్న కొలతలు ఎక్కాల కంటే ముందే చెవిన పడతాయి. గీత వంకర పోతే తండ్రో పెదనాన్నో అక్కడే దిద్దుతారు. ఆళ్లగడ్డ రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు దక్కిందంటే దాని వెనక ఇటువంటి ఇళ్ల పెంపకం ఉంది.

మరి మాంసం కొట్టు, మెకానిక్ షెడ్డు, తోపుడు బండి నడిపే ఇంట్లో అదే చేయి ఉన్న బిడ్డ పుడితే? చూసే కన్ను ఆ ఇంట్లో ఉండదు. తప్పు వాళ్లది కాదు. "బొమ్మలు బువ్వ పెడతాయా సార్?" అని ఒక తండ్రి నన్ను అడిగాడు. పొద్దున ఆరింటికి పనికి పోయి రాత్రి తొమ్మిదికి వచ్చే మనిషికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది.

ఇక గుర్తించడం ఎలా? చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, అందంగా గీసిన బొమ్మను సృజన అనుకోవడం. పుస్తకంలో ఉన్న నెమలిని అచ్చు దించేస్తే అది చేతి నేర్పు. అదీ మంచిదే, కానీ వేరు. మన బడుల్లో చిత్రలేఖనం పోటీలు పెట్టి, రంగు గీత దాటకుండా పూసిన పిల్లకే బహుమతి ఇస్తాం. సృజన చూడాలంటే ఒక కాగితం మీద పది సున్నాలు గీసి ఇవ్వండి, వాటిని బొమ్మలుగా మార్చమనండి. ఎక్కువమంది పిల్లలు సూర్యుడు, బంతి, రొట్టె, మొహం వేస్తారు. ఒకరో ఇద్దరో మాత్రం రెండు సున్నాలు కలిపి కళ్లజోడు చేస్తారు, బావిని పైనుంచి చూసినట్టు వేస్తారు, సున్నా లోపల కాక బయట గీయడం మొదలుపెడతారు. టోరెన్స్ పరీక్షలో చూసేవి ఇవే: ఎన్ని ఊహలు వచ్చాయి, ఎన్ని రకాలుగా వచ్చాయి, ఇతరులకు రానిది వచ్చిందా, దాన్ని ఎంత దూరం పెంచారు. ధారాళత, నమ్యత, మౌలికత, విస్తరణ అని డి.ఎస్సీ. కోసం బట్టీ పట్టిన మన నిరుద్యోగ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ పేర్లు ఇప్పటికీ నోటికి వచ్చి ఉంటాయి. పిల్లల మీద ప్రయోగించే అవకాశమే ఎవరూ ఇవ్వలేదు.

ఇంకో గుర్తు, ఎవరూ చెప్పకుండానే చేయడం. ప్రతిభ గల పిల్లల మీద 1996లో పుస్తకం రాసిన ఎలెన్ విన్నర్ ఈ తపనకు చాలా ప్రాముఖ్యం ఇచ్చారు. చిన్నప్పుడు చేయి చురుకుగా ఉన్నవారంతా పెద్దయ్యాక సృష్టికర్తలు కారని కూడా ఆమే హెచ్చరించారు. కాబట్టి నాలుగేళ్లకే గుర్రం బొమ్మ వేశాడని వీడియో తీసి ఊరంతా పంపడం వల్ల పిల్లవాడికి ఒరిగేది లేదు.

మన ఇళ్లలో ఒక సందేహం ఉంది, దాచుకోవడం ఎందుకు? ప్రాణుల బొమ్మలు గీయడం మంచిది కాదన్న భయంతో కొందరు తల్లిదండ్రులు పెన్సిలే లాగేసుకుంటారు. వారి పట్టింపును గౌరవించాల్సిందే. అయితే ఖురాన్ వాక్యాలను రాసిన ఖత్ కళ, హైదరాబాదు బాద్షాహీ ఆషూర్‌ఖానా గోడల మీది రంగు పలకల అల్లిక, మసీదు జాలీల్లోని నక్షత్రాల లెక్క, ఇవన్నీ ఆ హద్దులోనే పుట్టాయి. నా తరగతిలో ఒక పాప చదవడంలో బాగా వెనకబడి ఉండేది. పండగ ముందు రోజు స్నేహితుల చేతులకు గోరింటాకు పెట్టింది. ఏడుగురి చేతుల మీద ఏడు రకాల తీగలు, ఒకదానికొకటి పోలిక లేదు. వేలి పొడవును బట్టి తీగ మలుపు మార్చింది. ఆమెకు ఎనిమిదేళ్లు.

ఆ వయసు చాలా కీలకం. నాలుగో తరగతి దగ్గరికి వచ్చేసరికి చాలామంది పిల్లల్లో సృజన తగ్గిపోవడం టోరెన్స్ గమనించాడు. సరిగా వచ్చిందా, పక్కవాడు నవ్వుతాడా అన్న భయం అప్పుడే పుడుతుంది. ప్రభుత్వ సాయం మాత్రం ఆ తర్వాత మొదలవుతుంది. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్షలో నెగ్గితే ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి, అందులో కళకు చోటు లేదు. కేంద్ర సంస్థ సి.సి.ఆర్.టి. ఇచ్చే సాంస్కృతిక ప్రతిభా స్కాలర్‌షిప్ 10 నుంచి 14 ఏళ్ల వారికి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు, 2020లో కడపలో వచ్చిన డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం అంతకంటే పెద్దవారికి. అయిదు నుంచి పదేళ్ల లోపు బిడ్డను చూసుకునేవారు ఎవరూ లేరు.

దాతల ముందు నేను పెట్టే కోరిక ఇదే. నంద్యాలలో, 40 కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డలో నెలకు ఒక ఆదివారం పిల్లలను కూర్చోబెట్టడానికి ఒక గది, కాగితాలు, మైనపు రంగులు, బంకమట్టి, ఒక హార్మోనియం. నేర్పేవారికి దారి ఖర్చులు, భోజనం. ఆళ్లగడ్డ శిల్పులలో ఒకరిని, ఖత్ తెలిసిన ఒక హాఫిజ్‌గారిని పిలవవచ్చు. బహుమతులు వద్దు, మొదటి రెండవ స్థానాలు అసలే వద్దు. ప్రతి బిడ్డ పేరు మీద ఒక అట్ట ఫైలు పెట్టి, గీసినవన్నీ తేదీ వేసి దాచితే చాలు. ఏడాది తర్వాత ఆ ఫైలు తిరగేస్తే ఎవరి చేయి ఎటు పోతోందో తెలుస్తుంది. జకాత్ సొమ్ము ఎవరికి వర్తిస్తుందో ఉలమాను అడిగి తేల్చుకోవాలి. అందరు పిల్లలూ వచ్చే ఈ పనికి సదఖా నిధి నుంచి కొంత తీయడం సులువని నా అభిప్రాయం.

స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫారం ఈసారి అచ్చు వేయించేటప్పుడు చివర ఒక ఖాళీ గడి కూడా పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను: "మీ బిడ్డ ఎవరూ చెప్పకుండా చేసే పని ఏమిటి?"