ఇంజన్‌కు పెట్రోలు ఎంత కావాలో ఎవరు చెబుతారు?

సంచికకు ఏదైనా రాయమన్నారు. నాకు కవితలు రావు, మా అన్నయ్య కారు గురించి రాస్తాను.

అన్నయ్య పదో తరగతితో చదువు ఆపేసి డ్రైవింగ్ నేర్చుకున్నాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఇప్పుడు ఎం.టెక్. చదువుతున్నానంటే మాదాపూర్, గచ్చిబౌలి మధ్య ఐటీ ఉద్యోగులను దించే ఆయన సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారే కారణం. పోయిన ఏడాది ఆ బండి మైలేజీ 16 నుంచి 11కు పడిపోయింది. ఇంజన్ బొమ్మ లైటు వెలిగింది. ఒక మెకానిక్ ఆక్సిజన్ సెన్సార్ మసిబారి ఉందని మార్చాడు. నాలుగు వేలయింది. మైలేజీ మాత్రం పెరగలేదు. ఆ డబ్బు నెల కిస్తీలోది.

పెట్రోలు సరిగ్గా మండాలంటే 1 గ్రాముకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ లెక్క తప్పితే పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టర్ విషవాయువులను సరిగా శుభ్రం చేయలేదు. హైదరాబాద్‌లో 2005లో భారత్ స్టేజ్-3, 2010లో స్టేజ్-4, 2020లో దేశమంతటా స్టేజ్-6 వచ్చేకొద్దీ ఈ లెక్క బిగిసింది.

మన హాస్టల్ వంటనే తీసుకోండి. వంట మాస్టర్ హాజరు పట్టీ చూసి బియ్యం కొలుస్తాడు. భోజనాలయ్యాక అన్నం మిగిలిందా, చాలలేదా అని చూసి మర్నాడు సర్దుతాడు. కారులో ఆ మాస్టర్ ఈసీయూ అనే చిన్న కంప్యూటర్. మానిఫోల్డ్ ప్రెజర్ సెన్సార్, గాలి ఉష్ణోగ్రత సెన్సార్, క్రాంక్ సెన్సార్ కలిసి ఎంత గాలి లోపలికి వెళ్తోందో చెబుతాయి. అదే హాజరు పట్టీ. (హైదరాబాద్ 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి గాలి విజయవాడ కంటే సుమారు 5 శాతం పలచన. దాన్నీ ఈసీయూ తనే లెక్కలో వేసుకుంటుంది. పాత కార్బురేటర్‌కు అది చేతకాదు.) పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ మిగులు చూసే మనిషి. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టుల దాకా, తక్కువైతే 0.1 దగ్గరికి చూపిస్తుంది. 3000 ఆర్‌పీఎంలో ఒక్కో ఇంజెక్టర్ సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది. ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్లే. సర్దుబాటంతా ఆ కొద్ది సమయంలోనే.

ఇక కూలెంట్ సెన్సార్. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, అందుకని ఈసీయూ కొంత ఎక్కువ పోస్తుంది. అంతేకాదు, ఇంజన్ వేడెక్కిందని నమ్మకం కుదిరేదాకా ఆక్సిజన్ సెన్సార్ మాట లెక్కచేయదు. అన్నయ్య బండిలో జరిగింది ఇదే. పెట్రోలు ఎక్కువైందని ఆక్సిజన్ సెన్సార్ చెబుతూనే ఉంది, వినేవాడు లేడు. చివరికి దాన్నే మార్చారు!

సెలవులకు వెళ్లినప్పుడు స్నేహితుడి దగ్గర చిన్న స్కానర్ తెచ్చి పెట్టాను. గచ్చిబౌలి దాకా పది కిలోమీటర్లు నడిపాక కూడా కూలెంట్ 40 డిగ్రీలే చూపింది. రేడియేటర్ పైగొట్టం మాత్రం ముట్టుకుంటే చెయ్యి కాలింది. థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోతే గొట్టం అంత వేడెక్కదు కదా. మల్టీమీటర్‌తో సెన్సార్ రెసిస్టెన్స్ చూస్తే 1200 ఓములు. వేడి ఇంజన్‌లో సాధారణంగా 300 దగ్గర ఉండాలి.

రేడియేటర్ ఫ్యాన్‌ను తిప్పేదీ ఈ సెన్సార్ మాటే. ఇన్నాళ్లూ ఇంజన్ ఎందుకు కాలిపోలేదా అని ఆలోచిస్తే తెలిసింది, ఏసీ వేస్తే ఫ్యాన్ ఎలాగూ తిరుగుతుంది. సవారీలు ఏసీ అడగబట్టి బండి బతికింది.

కొత్త సెన్సార్ ఐదు వందల లోపే దొరికింది. బిగించాక శిల్పారామం సిగ్నల్ దగ్గర ఏసీ ఆపి నిలబడ్డాం. రెండు నిమిషాలకు ముందు నుంచి బుర్రుమని శబ్దం వచ్చింది. అన్నయ్య కంగారుగా "ఏమైందిరా?" అన్నాడు. "ఫ్యాన్ అన్నయ్యా" అన్నాను.