రంగు క్రింది రాకెట్టు

ప్రసిద్ధ క్రీడాకారుని చేతిలోని టెన్నిసు రాకెట్టును పోలినది అంగడిలో కనబడగానే, అదియే ఇదియని మనము భ్రమపడుదుము. తయారీదారులు కొలది యేండ్లకొక క్రొత్త నమూనాను అమ్మజూపుదురు. ఆటగాడు చేతికి అలవడిన సాధనమును విడువడు. కావున పాత చట్రమునకే క్రొత్త రంగు వేయుదురు. 2024లో ఆట విరమించిన ఆండీ మరే రాకెట్టు పైకి ‘రాడికల్’. లోన పాత ‘ప్రో టూర్’ అచ్చు.

ఇంతేకాక, చట్రమునకు సీసపు పట్టీలు అంటింతురు. పిడిలో సిలికోను నింపుదురు. చేతినుండి రెండింతల దూరమున నుంచిన సీసము, ఊపునపుడు నాలుగింతల జడత్వము చూపును. బంతికి బలము హెచ్చును. మణికట్టునకు శ్రమయు హెచ్చును. తండ్రి కష్టార్జితమును రంగునకు వెచ్చింపక, బరువును, పిడి చుట్టుకొలతను పరీక్షించి, మన చేతికి తగినదానినే ఎన్నుకొందము.