మిట్ట రాకముందే

శృంగవరపుకోట దాటి కాశీపట్నం వైపు సాగితే అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. సైకిల్ మీద ఆ దారి పట్టిన కొత్తవారిని మొదటి పెద్ద మలుపులోనే, చూడకుండా చెవులతోనే గుర్తుపట్టవచ్చు. గొలుసు పళ్ల మీద కరకరమని నలుగుతుంది. ఒక్కోసారి జారి వేలాడుతుంది. మిట్ట మీదికి వచ్చేసి, కాళ్లు మొరాయించాక, ఒంటి బరువంతా పెడల్ మీద మోపి తొక్కుతూ గేరు మార్చబోతే వచ్చే చప్పుడది.

గేరు పనితీరులో పెద్ద రహస్యమేమీ లేదు. వెనక చక్రం దగ్గర చిన్నవీ పెద్దవీ పళ్ల చక్రాలు వరుసగా ఉంటాయి. డీరైలర్ అనే చిన్న పరికరం గొలుసును ఒకదాని మీది నుంచి మరోదాని మీదికి నెడుతుంది. గొలుసు తేలిగ్గా తిరుగుతున్నప్పుడు ఆ పని ఇట్టే అయిపోతుంది. బరువు పడి బిగుసుకుపోయిన గొలుసు మాత్రం పక్కకు కదలనని మొండికేస్తుంది. అందుకే ఘాట్‌లలో తిరిగినవారు మిట్ట ఇంకా పది ఇరవై గజాల దూరంలో ఉండగానే, కాళ్లలో సత్తువ మిగిలుండగానే తేలిక గేరులోకి వచ్చేస్తారు. పక్కనుంచి చూసేవారికి అది ఉత్తపుణ్యానికి వేగం తగ్గించుకోవడంలా కనిపిస్తుంది.

వ్యక్తిత్వ వికాసం పేరిట మనకు అందే మాటల్లో సింహభాగం పట్టుదల గురించే. ఆగవద్దు, తగ్గవద్దు, అలసటను లెక్కచేయవద్దు అంటారు. ఆ మాటలు కొందరికి, కొన్ని వేళల్లో అవసరమే. కానీ రోజుల తరబడి సైకిల్ మీద సాగే ప్రయాణం అంతకంటే అరుదైన గుణాన్ని అడుగుతుంది. తగ్గక తప్పని స్థితి రాకముందే, తనంతట తాను తగ్గగలగాలి.

ఆ గుణాన్ని పరీక్షించుకోవడానికి ఉత్తరాంధ్రలో గోస్తని నది పరిసరాల కంటే మంచి చోటు దొరకదు. అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నది బొర్రా గుహల దగ్గరి లోయగుండా పారి, తాటిపూడి జలాశయంలో కాసేపు నిలిచి, భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. సైకిల్‌పై వెళ్లేవారు ఈ కథను చివరి పేజీ నుంచి చదువుతారు. ముందు సముద్రం, తర్వాత పల్లెలు, చివరికి కొండ. విశాఖ నుంచి అరకుకు మామూలు దారిలో సుమారు 115 కిలోమీటర్లు. భీమిలి చుట్టూ తిరిగి వెళ్తే ఇంకా ఎక్కువే. తొందరపడకుండా రెండు మూడు రోజులు పెట్టుకుంటే ఒంటికీ కంటికీ మంచిది.

ప్రమాదమంతా మొదటి పూటలోనే ఉంటుంది. తెల్లవారుజామున సాగరతీరం రోడ్డు, ఎడమన తొట్లకొండ, కుడిపక్క అలలు, ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. ఒళ్లు తాజాగా ఉంటుంది. ఎవరో ఒకరు పక్కనుంచి దాటిపోతారు. అంతే, పౌరుషం లేస్తుంది. గాలి నిరోధం వేగంతో పాటు సమానంగా పెరగదని అప్పుడు గుర్తుకు రాదు. గాలి నిశ్చలంగా ఉన్నప్పుడు వేగాన్ని రెట్టింపు చేస్తే నిరోధం నాలుగు రెట్లవుతుంది, దాన్ని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. భీమిలికి పావుగంట ముందు చేరినందుకు చెల్లించిన ధర మర్నాడు ఘాట్‌లో తెలుస్తుంది.

ఈ సంగతిని సూత్రాలుగా రాసి పెట్టినవాడు ఫ్రాన్స్‌కు చెందిన పాల్ ద వివీ. 1853లో పుట్టి 1930లో కన్నుమూసిన ఈయన్ని సైకిల్ లోకం ‘వెలోసియో’ అనే కలం పేరుతోనే ఎరుగును. సాంతెతియెన్ పట్టణంలో ఉంటూ ‘ల సిక్లిస్త్’ పత్రిక నడిపాడు, గేర్ల కోసం జీవితాంతం వాదించాడు. అప్పట్లో గేరు వాడడం నామోషీ. టూర్ ద ఫ్రాన్స్ పందెం స్థాపకుడు ఆన్రీ దెగ్రాంజ్ దృష్టిలో అవి బలహీనుల సాధనాలు. ఆ పందెంలో డీరైలర్లకు 1937లో గానీ అనుమతి దొరకలేదు. అప్పటికి వెలోసియో పోయి ఏడేళ్లయింది. ఆకలి వేయకముందే తినాలని, దాహం కాకముందే తాగాలని, మొదటి గంటల్లో అదుపులో ఉండాలని ఆయన తన పాఠకులకు చెప్పాడు. పౌరుషానికి పోయి తొక్కవద్దన్నది ఆయన నియమాల్లో చిట్టచివరిది. అన్నిటికంటే పాటించడం కష్టమైనదీ అదే.

తిండి విషయంలో ఆయన మాటకు శరీరశాస్త్రం అండ ఉంది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం గట్టిగా తొక్కితే కొద్ది గంటల్లో తరిగిపోతుంది. అది అడుగంటాక కాళ్లు వణుకుతాయి. అంతకంటే ముందే మనసు చెడుతుంది. చిన్న మాటకు చిరాకు, దారి మీద విసుగు, తోటివారి మీద కోపం. జట్టుగా వెళ్లినవారి మధ్య జరిగే తగవుల్లో సగం అరటిపండుతో తీరిపోయేవే. గంటకోసారి రెండు అరటిపళ్లో, ఒక పల్లీ చిక్కీనో తినడం క్రమశిక్షణలా కనిపించదు కానీ, ఇంట్లోనూ ఆఫీసులోనూ అక్కరకొచ్చే క్రమశిక్షణ అది. తాను ఎప్పుడు కస్సుమంటాడో తెలిసిన మనిషి, ఆ వేళ రాకముందే దానికి మందు వేసుకుంటాడు.

భీమిలి వదిలి లోపలికి తిరిగితే తగరపువలస, పద్మనాభం. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి నేలకొరిగింది ఈ పద్మనాభంలోనే. ఆ తర్వాత తాటిచెట్లు, జీడితోటలు, చెరువుగట్లు. మధ్యాహ్నం సముద్రం నుంచి నేలమీదికి వీచే గాలి వీపును నెడుతుంది. రచ్చబండ దగ్గర ఆగితే చాలు, “ఎందాకా ఎల్తన్నారు బాబూ?” అని అడుగుతారు. కారులో పోయేవారిని ఎవరూ అలా అడగరు. చెమటతో, దుమ్ముతో వచ్చినవాడికి ఊరు తొందరగా దగ్గరవుతుంది. మంచినీళ్లు అడగడం, దారి అడగడం, పంక్చర్ పడితే అంగడివాడి చేతికి సైకిల్ అప్పగించి పక్కన కూర్చోవడం, ఇవన్నీ చదువుకున్న పట్నవాసికి మొదట మొహమాటంగానే ఉంటాయి. మూడో ఊరికి ఆ మొహమాటం సడలుతుంది. సాయం చేయడం నేర్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. హుందాగా సాయం అడగడం మాత్రం ఇలాంటి చోట్లే అలవాటవుతుంది.

ఇక కొండ. శృంగవరపుకోట ఎత్తు సముద్రమట్టానికి వంద మీటర్లు కూడా ఉండదు. గాలికొండ దగ్గర రోడ్డు వెయ్యి మీటర్లకు పైన ఉంటుంది. మనిషి, సైకిల్, సంచీ కలిపి తొంభై కిలోలనుకుంటే, ఆ బరువును వెయ్యి మీటర్లు పైకి లేపడానికే తొమ్మిది వందల కిలోజౌళ్ల దాకా పని. తిన్నదాంట్లో నాలుగో వంతే కాళ్ల పనిగా మారుతుంది కాబట్టి, ఒంటికి పడే ఖర్చు దాదాపు తొమ్మిది వందల కేలరీలు. కాఫీతోటల్లో చెట్లకు అల్లుకున్న మిరియాల తీగల నీడన ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు, ఊపిరి మాత్రం గుర్తు చేస్తూనే ఉంటుంది.

గేర్లు కూడా చాలకపోతే దిగి నడవాలి. ఇక్కడే చాలామందికి మనసు చివుక్కుమంటుంది. వారు ఐర్లండ్ రచయిత్రి డెర్వ్లా మర్ఫీ సంగతి తెలుసుకోవాలి. పదో పుట్టినరోజుకు ఒక పాత సైకిల్, ఒక పాత అట్లాసు బహుమతిగా అందుకున్న ఆ పిల్ల, ఇలా తొక్కుతూ పోతే ఇండియా చేరవచ్చని అనుకుంది. పద్నాలుగో ఏట బడి మానేసింది. కదల్లేని తల్లికి ఏళ్ల తరబడి సేవ చేసింది. తల్లి పోయాక, 1963 జనవరిలో బయల్దేరి ఆ జులైలో ఢిల్లీ చేరింది. ఆసియా రోడ్లకు గేర్లు తట్టుకోలేవని ముందే తీయించేసింది. అదనపు టైర్లను దారిలోని చోట్లకు ముందుగా పోస్టు చేసి ఉంచింది. పాకిస్తాన్‌లో నాలుగు వేల మీటర్లు దాటిన బాబూసర్ కనుమను మంచులో సైకిల్ మోసుకుంటూ నడిచే దాటింది. ‘ఫుల్ టిల్ట్’ అనే ఆ ప్రయాణ గ్రంథం 1965లో వెలువడింది. నడిచిన మైళ్లను ఆమె దాచలేదు.

దిగేటప్పుడు సూత్రం మళ్లీ అదే. ఘాట్ మలుపులో బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది, మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, తిరిగేటప్పుడు బ్రేకు వదలాలి. ఆపకుండా పట్టుకున్నా ముప్పే, రిమ్ములు చేయి పెట్టలేనంతగా కాలిపోతాయి. అరకు నుంచి తిరిగొచ్చేవారు అనంతగిరి దిగువన ఎక్కడో ఒకచోట సైకిల్‌ను చెట్టుకు ఆనించి, చక్రాలు చల్లారేదాకా కూర్చుంటారు. ఒకరు సంచీలో మిగిలిన చిక్కీ తీసి పంచుతారు, అప్పటికి ఇంకా ఎవరికీ ఆకలి వేయదు.